ఇంట్లో వస్తువులతోనే చేతుల కండలు పెంచొచ్చా? డంబెల్స్ కొనే ఉద్దేశం లేదు

కొత్తగా_మొదలు:

అందరికీ నమస్కారం. జిమ్‌కి వెళ్లే వీలు లేదు, ఉన్నది చిన్న గది, డంబెల్స్ తెచ్చినా ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నాకు కావాల్సింది చేతులు, ముఖ్యంగా జబ్బలు కాస్త గట్టిపడటం. లీటరు నీళ్ల సీసాలు రెండు పట్టుకుని పైకీ కిందకీ ఎత్తుతున్నాను, మొదట్లో చేతులు లాగేసేవి, ఇప్పుడు ముప్ఫై నలభై సార్లు ఎత్తినా ఏమీ అనిపించట్లేదు. ఇది పనిచేస్తున్నట్టా, టైమ్ వేస్టా? ఇంట్లో ఒక బకెట్, పాత బ్యాక్‌ప్యాక్, బోలెడు పుస్తకాలు, 5 లీటర్ల ఖాళీ క్యాన్లు రెండు, తువ్వాళ్లు, గట్టి స్టూలు ఒకటి ఉన్నాయి. వీటితో ఏం చేయొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి. వీడియోలు చూస్తే ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్తున్నారు, బుర్ర వేడెక్కిపోయింది.

నిదానమే_ప్రధానం:

"ఏమీ అనిపించట్లేదు" అని మీరే రాశారు కదా, జవాబు అందులోనే ఉంది. అలవాటైపోయిన బరువుతో కండ ఇక పెరగదు. బరువు పెంచాలి, లేదా అదే బరువును ఇంకా కష్టమయ్యేలా ఎత్తాలి. ఇదేం కొత్త సంగతి కాదు, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ ఆర్మీ డాక్టరు గాయపడిన సైనికుల మీద ఇదే పద్ధతి వాడాడు. అంతకుముందు తేలిక బరువు వందలసార్లు ఎత్తించేవాళ్లు, ఈయన ఓపికకి తగ్గ బరువు పెట్టి, సత్తువ వచ్చేకొద్దీ పెంచుకుంటూ పోయాడు. 1945లో దాని మీద పేపర్ రాశాడు. ఈరోజుకీ ఎక్కడ చూసినా "పది రెప్స్, మూడు సెట్లు" (ఆపకుండా పదిసార్లు ఎత్తితే ఒక సెట్, అలాంటివి మూడు) అని వినిపించేది చాలావరకు ఆయన పుణ్యమే.

మీ దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది బ్యాక్‌ప్యాక్. ఒక్కో పుస్తకం చేర్చుకుంటూ బరువు కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. పైన ఉండే చిన్న పట్టీ పట్టుకుని మోచేయి మడిచి ఎత్తితే జబ్బ ముందువైపు కండ బైసెప్స్‌కి, రెండు చేతులతో తల వెనక పట్టుకుని పైకి చాపితే జబ్బ వెనకవైపు కండ ట్రైసెప్స్‌కి, ముందుకి వంగి నడుము దగ్గరికి లాగితే వీపుకీ జబ్బకీ కలిపి, వీపుకి తగిలించుకుని పుషప్స్ చేస్తే ఛాతీకి. డంబెల్‌తో కూడా ఇన్ని పనులు కావు.

లెక్కల_పిచ్చి:

బరువెంతో తెలియకుండా "కొంచెం పెంచాను" అనుకుంటే లాభం లేదు కాబట్టి నా వంతు లెక్కలు.

నీళ్లు లీటరుకి కిలో. పొడి ఇసుక లీటరుకి దాదాపు కిలోన్నర, తడిపితే రెండు కిలోల దగ్గరికి వస్తుంది. అంటే మీ 5 లీటర్ల క్యాన్ నీళ్లతో నింపితే 5 కిలోలు, పొడి ఇసుకతో ఏడున్నర పైన, తడి ఇసుకతో తొమ్మిది పైన. క్యాన్ అదే, బరువు దాదాపు రెట్టింపు. ప్రింటర్లో వేసే ఏ4 కాగితాల కట్ట, 500 షీట్లది, 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 80 గ్రాముల) రకమైతే రెండున్నర కిలోలు తూగుతుంది. బ్యాగులో వేయడానికి ఇంతకన్నా బుద్ధిమంతమైన బరువు దొరకదు, చదరంగా కూర్చుంటుంది, అటూ ఇటూ దొర్లదు.

బ్యాగు మొత్తం బరువు తెలియాలంటే మనిషి నిలబడి చూసుకునే తూకం యంత్రం చాలు. బ్యాగుతో ఒకసారి ఎక్కండి, లేకుండా ఒకసారి ఎక్కండి, తేడా తీసేయండి. బ్యాగుని నేరుగా దాని మీద పెడితే కొన్ని యంత్రాలు తక్కువ బరువుని పట్టించుకోవు, అందుకే ఈ తిప్పలు.

ఇంకో మాట. క్యాన్ సగం నింపితే లోపల నీళ్లు ఊగి మణికట్టుని అటూ ఇటూ గుంజుతాయి. నిండు కుండ తొణకదు అని పెద్దలు ఊరికే అనలేదు. సగం బరువే కావాలంటే చిన్న క్యాన్ తీసుకుని నిండా నింపండి.

రాత్రి_షిఫ్టు:

వినడానికి అన్నీ బాగానే ఉంటాయి బ్రో, కానీ ఇనుము ఎత్తకుండా కండ రాదు. ఏళ్ల తరబడి జిమ్‌కి వెళ్తున్నవాడిగా చెప్తున్నా. నీళ్ల సీసాలు, పుస్తకాలు, ఇవన్నీ ఆరంభ శూరత్వం. రెండు వారాల తర్వాత ఆ బ్యాగులోకి బట్టలు చేరతాయి, మీరు మళ్లీ సోఫాలోకి చేరతారు.

నిదానమే_ప్రధానం:

రాత్రి_షిఫ్టు గారూ, సోఫా మాట ఒప్పుకుంటాను, అది ఎవరికైనా ఉన్నదే. ఇనుము మాట మాత్రం ఒప్పుకోను. కండకి అది ఇనుమో ఇసుకో తెలియదు, ఎంత లాగుతోందన్నదే తెలుస్తుంది.

ఇక్కడ రెండు సంగతులు కలిపేస్తున్నారు. కండ సైజు వేరు, గరిష్ఠంగా ఎంత ఎత్తగలరన్న బలం వేరు. సైజు విషయంలో, మీరు ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 30 శాతంతో చేసినా, ఇక ఎత్తలేని స్థితి దగ్గరికి వెళ్లేదాకా చేస్తే, పెద్ద బరువులతో చేసినవాళ్లతో దాదాపు సమానంగా కండ పెరిగిందని చాలా అధ్యయనాల్లో తేలింది. మరీ తక్కువ, 20 శాతానికి దిగితే ఫలితం పడిపోతోంది. బలం విషయంలో మీరన్నదే నిజం, పెద్ద బరువు ఎత్తగలగాలంటే పెద్ద బరువే ఎత్తాలి. కానీ ఈయన అడిగింది జబ్బలు గట్టిపడటం గురించి, పోటీల గురించి కాదు.

అసలు కిటుకంతా "ఇక ఎత్తలేని స్థితి దగ్గరికి" అన్న దాంట్లో ఉంది. ఇంకా పది సార్లు ఎత్తే సత్తువ ఉండగానే ఆపేస్తే కండకి పెరగాల్సిన అవసరమే రాదు. ఇంకో రెండు మూడు మాత్రమే వస్తాయేమో అనిపించేదాకా వెళ్లాలి. తేలిక బరువుతో అక్కడికి చేరడానికి ముప్ఫై రెప్స్ పట్టొచ్చు, మంట పుడుతుంది, విసుగొస్తుంది. బ్యాగు బరువు పెంచమనడం అందుకే, ఎనిమిది నుంచి పదిహేను లోపు పని అయిపోతుంది.

రాత్రి_షిఫ్టు:

సరే, సైజు మాట వరకు ఒప్పుకున్నా. కానీ జనాలు ఆ చివరి మూడు రెప్స్ చేయరు, అదే నా బాధ. చేయి మండగానే ఫోన్ తీస్తారు.

కొత్తగా_మొదలు:

హహ, నన్నే అన్నట్టుంది. సరే, బ్యాగు సర్దాను. ఒక డౌటు, బ్యాగు ఎత్తుతుంటే భుజం కూడా ఊగుతోంది, నడుము వెనక్కి పోతోంది. అది మామూలేనా?

గోడకి_బంతి:

బరువు ఎక్కువైందన్నమాట, లేదా తొందరపడుతున్నారు. వీపు గోడకి ఆనించి నిలబడండి, మోచేతులు పక్కటెముకలకి తగిలేలా పెట్టుకోండి, అప్పుడు ఎత్తండి. ఊపడానికి చోటే ఉండదు. పోయిన సెట్ కన్నా సగం రెప్సే వస్తాయి, బాధపడకండి, ఆ సగమే నిజమైనవి. ఎత్తేటప్పుడు ఒకటి రెండు సెకన్లు, దించేటప్పుడు మూడు సెకన్లు. చాలామంది ఎత్తడమే వ్యాయామం అనుకుని పైకి తెచ్చాక వదిలేస్తారు, చేయి దభీమని కిందపడుతుంది. దించేటప్పుడు కండ సాగుతూ బరువుని ఆపుతుంది చూడండి, పెరగడానికి అది కూడా ముఖ్యమే. ఇంట్లో బరువు తక్కువ ఉన్నవాళ్లకి ఇదొక వరం, కొత్తగా ఏమీ తెచ్చుకోకుండానే అదే బ్యాగు రెట్టింపు కష్టమవుతుంది.

ఇంకొకటి, ఎవరూ అడగలేదు కానీ చెప్తున్నా. అందరూ జబ్బ అనగానే ముందు వైపే చూసుకుంటారు. మోచేతికి పైన ఉండే కండలో సగానికి పైనే వెనకవైపు ట్రైసెప్స్‌దే. చొక్కా చేతులు బిగుతుగా కనపడాలంటే వెనక పని చేయాలి. దానికి బరువు కూడా అక్కర్లేదు, పుషప్స్ చాలు, చేతులు భుజాల వెడల్పు కన్నా కాస్త దగ్గరగా పెట్టి. మామూలు పుషప్‌లో మన ఒంటి బరువులో సుమారు మూడింట రెండు వంతులు చేతుల మీద పడుతుంది. 70 కిలోల మనిషికి 45 కిలోలకి పైనే. అంత బరువు ఏ సీసాల్లో దొరుకుతుంది చెప్పండి. నేల మీద రాకపోతే మోకాళ్లు ఆనించి చేయండి, అదీ రాకపోతే గట్టి బల్ల అంచు మీద చేతులు పెట్టి, అదీ రాకపోతే గోడ మీద. చేతులు ఎంత ఎత్తులో పెడితే అంత తేలిక.

స్టూలు ఉందన్నారు కదా, దాని అంచు మీద వెనక్కి చేతులు పెట్టి కిందకి దిగి పైకి లేచే డిప్స్ కూడా చేయొచ్చు.

కీళ్ల_సంగతి:

డిప్స్ దగ్గర ఆగండి. ఫిజియోథెరపీ నా పని, భుజం నొప్పితో వచ్చేవాళ్లలో ఈ స్టూలు డిప్స్ బాపతు కొంతమంది ఉంటారు. చేతులు వెనక్కి పెట్టి కిందకి దిగినప్పుడు భుజం కీలు ముందు భాగం బాగా సాగుతుంది, ఎంత లోతుకి దిగితే అంత ఒత్తిడి. కొంతమందికి ఏమీ కాదు, కొంతమందికి అదే చాలు. పైగా స్టూలు జారిపోతే నడుము నేలకి తగులుతుంది. చేసి తీరాలనుకుంటే స్టూలుని గోడకి ఆనించి పెట్టండి, మోకాళ్లు మడిచి పాదాలు దగ్గరగా ఉంచండి, పై చేయి నేలకి సమాంతరంగా వచ్చేలోపే ఆగిపోండి. భుజం ముందు భాగంలో చిన్న నొప్పి తెలిసినా దాన్ని వదిలేసి దగ్గర చేతుల పుషప్స్‌కి వెళ్లిపోండి, ట్రైసెప్స్‌కి ఏ లోటూ రాదు.

గోడకి_బంతి:

డిప్స్ చేస్తూ ఇబ్బంది పడనివాళ్లు కూడా చాలామందే ఉన్నారండీ, మరీ అంత భయపెట్టకండి. గోడకి ఆనించమన్నది మాత్రం అందరూ పాటించాల్సిందే.

కీళ్ల_సంగతి:

భయపెట్టట్లేదు, భుజంలో ఇదివరకే నొప్పి ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారని రాశాను.

కిటికీ_పక్కన:

నాకు వేరే సమస్య. చేయి చాపితే కింద వదులుగా వేలాడుతోంది. ఆ కొవ్వు తగ్గాలంటే ఏం చేయాలి? రెండో భయం ఏంటంటే, బరువులు ఎత్తితే చేతులు మగవాళ్లలా లావైపోతాయేమో అని. మా ఇంట్లో అదే అంటున్నారు.

నిదానమే_ప్రధానం:

రెండో భయం ముందు తీసేద్దాం అక్కా. కండలు బాగా పెరగడంలో టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ పాత్ర పెద్దది, ఆడవాళ్లలో అది మగవాళ్లకన్నా ఎన్నో రెట్లు తక్కువ. ఏళ్ల తరబడి దానికోసమే పనిగట్టుకుని కష్టపడితే తప్ప అలా కావు. "అనుకోకుండా" లావైపోవడం ఉండదు, ఉంటే ఇక్కడ సగం మంది మగాళ్లు ఆ అదృష్టం కోసం ఎదురు చూస్తున్నారు.

కొవ్వు సంగతి. చేతికి వ్యాయామం చేస్తే చేతి కొవ్వే కరుగుతుందనుకోవడం పొరపాటు, ఒళ్లు ఎక్కడి నుంచి తీయాలో అక్కడి నుంచి తీస్తుంది, మన మాట వినదు. మొత్తం మీద కొవ్వు తగ్గితే అక్కడా తగ్గుతుంది. కానీ ఆ వదులు కింద ఉండేది ట్రైసెప్సే కాబట్టి అది నిండితే చేయి ఆకారం మారుతుంది. బ్యాగు తల వెనక పట్టుకుని పైకి చాపడం, బల్ల అంచు మీద పుషప్స్, ఈ రెండూ పట్టుకోండి.

మౌస్_చెయ్యి:

రోజంతా కంప్యూటర్ ముందు పని. బకెట్‌లో నీళ్లు పోసి ఎత్తడం మొదలుపెట్టాను, ఇప్పుడు మోచేతి బయటివైపు ఎముక దగ్గర నొప్పి. తలుపు గడియ తిప్పినా, కప్పు ఎత్తినా కలుక్కుమంటోంది. ఆపేయాలా, నొప్పితోనే చేస్తే పోతుందా?

కీళ్ల_సంగతి:

చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ మీరు చెప్పే లక్షణాలు టెన్నిస్ ఎల్బోని పోలి ఉన్నాయి. పేరు చూసి కంగారు పడకండి, అది వచ్చినవాళ్లలో ఎక్కువమంది టెన్నిస్ రాకెట్ ముట్టనివాళ్లే. మణికట్టుని పైకి లేపే కండరాలు మోచేతి బయటి ఎముకకి అతుక్కునే చోట స్నాయువు అలిసిపోవడం వల్ల వస్తుంది. మౌస్ పట్టుకునే చేయి ఇప్పటికే రోజంతా ఆ కండరాలతో పని చేయిస్తోంది, పైన సన్నటి బకెట్ తీగని గట్టిగా బిగించి పట్టుకోవడం తోడైంది.

ముందు బకెట్ పక్కన పెట్టండి. పట్టు ఎంత సన్నగా ఉంటే అంత గట్టిగా నొక్కాలి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ తీగ చుట్టూ తువ్వాలు లావుగా చుట్టండి, అరచేతికి కోత కూడా తగ్గుతుంది. అరచెయ్యి నేలవైపు ఉంచి ఏ వస్తువూ ఎత్తకండి, అరచెయ్యి పైకి గాని పక్కకి గాని ఉండాలి. చేతికి పూర్తి విశ్రాంతి కూడా మంచిది కాదు. ముంజేతిని బల్ల మీద ఆనించి, చెయ్యి అంచు బయటికి వేలాడేలా పెట్టి, చిన్న సీసా ఒకటి పట్టుకుని మణికట్టుని కదపకుండా అలా నిలిపి ఉంచండి, నొప్పి భరించగలిగే స్థాయిలోనే ఉండాలి. అది తేలికయ్యాక రెండో చేత్తో సీసాని పైకి తెచ్చి, నొప్పి ఉన్న చేత్తో మెల్లగా కిందకి దించండి. ఇది వారాల పని, ఒక్కోసారి నెలలు పడుతుంది. తిమ్మిరి, వేళ్లలో బలహీనత ఉంటే మాత్రం ఇక్కడ అడగకండి, వెళ్లి చూపించుకోండి.

లెక్కల_పిచ్చి:

ముంజేతుల మాట వచ్చింది కాబట్టి, ఇంట్లో ఉన్న సుత్తి ఎవరూ వాడరు! పిడి చివర పట్టుకుని, మోచేయి ఒంటికి ఆనించి, సుత్తి తల కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. సుత్తి బరువు అర కిలోనే అయినా తల దూరంగా ఉంటుంది కాబట్టి ముంజేతి మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ. కష్టమైతే పిడిని తలకి దగ్గరగా పట్టుకోండి, తేలికైతే చివరికి జరగండి. బరువు మార్చకుండా కష్టం మార్చుకునే పద్ధతి ఇది. పైగా బైసెప్స్‌కి మోచేయి మడవడంతో పాటు అరచేతిని పైకి తిప్పే పని కూడా ఉంది, క్యాన్ ఎత్తేటప్పుడు ఆ రెండో పని అసలు జరగదు.

(మౌస్_చెయ్యి గారూ, మీరు మాత్రం ఇప్పుడు దీని జోలికి పోకండి.)

ఒక్కగానొక్క:

మా అమ్మకి 68. బీపీకి మందు వాడుతోంది, అది అదుపులోనే ఉంది. ఈమధ్య మూతలు తీయలేకపోతోంది, కుర్చీలోంచి లేచేటప్పుడు చేతుల మీద బాగా ఆనుతోంది. ఈ వయసులో ఇవి చేయించొచ్చా?

కీళ్ల_సంగతి:

చేయించొచ్చు, చేయించాలి కూడా. ముప్ఫై దాటాక ఏమీ చేయకుండా కూర్చుంటే పదేళ్లకి 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుందని లెక్క, అరవై దాటాక ఇంకా వేగంగా. డబ్ల్యూహెచ్ఓ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లందరికీ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పే వ్యాయామం ఉండాలని ఉంది, వయసు పైబడినవాళ్లకి కూడా మినహాయింపు లేదు. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్లకి అటూ ఇటూ ఉన్న వృద్ధుల చేత ఎనిమిది వారాలు కాళ్లకి బరువులతో వ్యాయామం చేయించారు, కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అవి కాళ్లు, మీరడిగేది చేతులు, అయినా ఆ వయసులోనూ కండ స్పందిస్తుందని చెప్పడానికి అది చాలు.

బీపీ ఉంది కాబట్టి ముందు వాళ్ల డాక్టర్ని ఒకమాట అడగండి. తర్వాత ఒకే ఒక్క నియమం: ఊపిరి బిగపట్టకూడదు. బరువు ఎత్తుతూ ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పైకి పోతుంది. ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. గుర్తుండకపోతే పైకి లెక్కపెట్టమనండి, మాట్లాడుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు.

గోడ పుషప్స్‌తో మొదలుపెట్టండి. తర్వాత కుర్చీలో కూర్చుని అర లీటరు సీసాలతో మోచేయి మడవడం. మూతల కోసం పట్టు కావాలి, దానికి తువ్వాలుని గట్టిగా పిండటం, రెండు వైపులకీ మార్చి మార్చి. కుర్చీలోంచి లేవడం అసలు కాళ్ల పని, చేతుల సాయం కొంచెం కొంచెంగా తగ్గిస్తూ లేవడం, కూర్చోవడం అదే వ్యాయామంగా చేయించండి, కాళ్లు బలపడితే చేతుల మీద భారం దానంతటదే తగ్గుతుంది.

ఒక్కగానొక్క:

చాలా థాంక్స్ అండీ. పైకి లెక్కపెట్టమనడం బాగుంది, అమ్మ ఎలాగూ నా మీద కేకలు వేస్తూనే చేస్తుంది.

పదకొండో_తరగతి:

అన్నా నాకు 16. ఇప్పుడే బరువులు ఎత్తితే హైట్ ఆగిపోతుంది అంటున్నారు నిజమేనా. ఇంకోటి, నిన్న ఫ్రెండ్‌తో పందెం వేసి బ్యాగుతో వందల్లో చేశా, ఇవాళ చేతులు చాపలేకపోతున్నా. లాక్టిక్ యాసిడ్ అంట కదా?

నిదానమే_ప్రధానం:

హైట్ ఆగదు తమ్ముడూ, అది ఎప్పటిదో అపోహ. సరిగ్గా చేస్తే నీ వయసులో మంచిదే, పందేలు మాత్రం వద్దు.

లాక్టిక్ యాసిడ్ కూడా కాదు. అది వ్యాయామం అయిన గంటా రెండు గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది. మర్నాడు వచ్చే నొప్పి కండ పోగుల్లో సూక్ష్మంగా జరిగిన చిట్లింపుల వల్ల, దానికి ఒళ్లు స్పందించడం వల్ల. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతుంది. నొప్పి వస్తేనే కండ పెరిగినట్టు అని కూడా అనుకోకు, అలవాటయ్యాక నొప్పి లేకుండానే పెరుగుతుంది.

కీళ్ల_సంగతి:

ఆ పిల్లాడి పోస్టు చూసి వచ్చాను. బాబూ, చేయి వాచిందా? మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తోందా? ఆ రెండిట్లో ఏది ఉన్నా ఇంట్లో చెప్పి ఇవాళే ఆసుపత్రికి వెళ్లు. అలవాటు లేని కండతో ఒకేరోజు అతిగా చేయిస్తే కండ కరిగి అందులోని ప్రోటీన్ రక్తంలో కలుస్తుంది, అది కిడ్నీలని దెబ్బతీయగలదు. అరుదే, కానీ సరిగ్గా ఇలాంటి పందేల తర్వాతే వస్తుంది.

పదకొండో_తరగతి:

లేదండీ వాపు లేదు, మామూలు రంగే. నొప్పి మాత్రమే. నీళ్లు బాగా తాగుతున్నా. ఇంక పందెం కట్టను.

కొత్తగా_మొదలు:

ఇన్ని చదివాక అడుగుతున్నా, వారంలో ఎన్ని రోజులు, ఏ వరుసలో? ఎవరైనా ఒక్క పేరాలో చెప్పేయండి. ప్రోటీన్ పౌడర్ కూడా కావాలా?

గోడకి_బంతి:

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు ఖాళీ. ముందు చేతులు, భుజాలు గుండ్రంగా తిప్పి ఒళ్లు వేడెక్కించుకుని, ఖాళీ బ్యాగుతో ఒక సెట్. తర్వాత పుషప్స్, మీకు ఏ ఎత్తులో వీలైతే ఆ ఎత్తులో. తర్వాత ముందుకి వంగి, ఒక చెయ్యి స్టూలు మీద ఆనించి, రెండో చేత్తో బ్యాగుని నడుము దగ్గరికి లాగడం. ఇది చాలామంది వదిలేస్తారు, కానీ తోయడం ఒక్కటే చేసి లాగడం మానేస్తే వీపు వెనకబడిపోతుంది. ఆ తర్వాత గోడకి ఆని బైసెప్స్, చివర్లో తల వెనక బ్యాగుతో ట్రైసెప్స్. ఒక్కోటి మూడు సెట్లు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు విశ్రాంతి. ఓపిక మిగిలితే రెండు క్యాన్లు చేతుల్లో పట్టుకుని గదిలో అటూ ఇటూ నడవండి, పట్టుకి అంతకన్నా మంచిది లేదు. ఏ బరువుతోనైనా మూడు సెట్లలోనూ పదిహేను వచ్చాయంటే తర్వాతిసారి ఒక పుస్తకం చేర్చండి. ఎంత చేశారో కాగితం మీద రాసిపెట్టుకోండి, గుర్తుంటుందిలే అనుకుంటే గుర్తుండదు.

నిదానమే_ప్రధానం:

ప్రోటీన్ గురించి. కండ పెంచే వ్యాయామం చేసేవాళ్లకి ఒంటి బరువులో కిలోకి రోజుకి 1.6 గ్రాముల దాకా ఉపయోగం కనిపిస్తోంది, అంతకు మించితే పెద్దగా అదనపు లాభం లేదు. అది మామూలు భోజనంలో వస్తుంటే పౌడర్ అక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు.

ఇంకో మాట ముందే చెప్పాలి. మొదటి కొన్ని వారాల్లో ఎత్తే బరువు పెరుగుతుంది, కానీ అద్దంలో తేడా కనపడదు. అప్పుడు పెరిగేది ఎక్కువగా నరాలు కండని పిలిచి పని చేయించే తీరు. కండ కంటికి కనపడేలా పెరగడానికి రెండు నెలలో, ఇంకా ఎక్కువో పడుతుంది. రోజూ టేపుతో కొలుచుకుని నీరసపడకండి.

రాత్రి_షిఫ్టు:

ప్రయాణాల్లో ఉండేవాళ్లకి నా తరఫు నుంచి ఒకటి, ఇనుము లేనిదే. తువ్వాలు మధ్యభాగాన్ని పాదం కింద తొక్కిపెట్టి, రెండు కొసలు పట్టుకుని మోచేతులు 90 డిగ్రీల దగ్గర ఉంచి పైకి లాగండి, కదలదు కదా, అలాగే పది సెకన్లు బలంగా లాగుతూ ఉండండి. ముంజేయి నేలకి సమాంతరంగా ఉన్నప్పుడే బైసెప్స్ మీద బరువు ఎక్కువ పడేది, అందుకే ఆ కోణం. ఒక్క కోణంలోనే చేస్తే ఎక్కువ బలం ఆ కోణంలోనే వస్తుంది, కాబట్టి కొంచెం పైనా కొంచెం కిందా కూడా పట్టండి. ఊపిరి సంగతి పైన చెప్పారు, ఇక్కడ అది ఇంకా ముఖ్యం.

గోడకి_బంతి:

ఇనుము మనిషి తువ్వాలు దాకా వచ్చాడు, స్వాగతం 😄

కొత్తగా_మొదలు:

హాయిగా ఉంది, కాగితం మీద రాసి గోడకి అంటించాను. ఒకటే మిగిలింది. క్యాన్‌లో తడి ఇసుక నింపితే మూత దగ్గర నుంచి కారుతోంది, నేలంతా బురద. బ్యాగు పట్టీ దగ్గర కుట్లు కూడా కొంచెం సాగినట్టున్నాయి.

లెక్కల_పిచ్చి:

తడి ఇసుక మానేసి పొడిది పోయండి, కిలోన్నర తగ్గితే కొంప మునగదు. మూత బిగించి చుట్టూ టేపు వేయండి, క్యాన్‌ని ఎత్తే ముందు ఒకసారి తలకిందులు చేసి చూసుకోండి. క్యాన్‌ని మాత్రం తలపైకి ఎత్తకండి, మోచేయి మడవడానికీ, పట్టుకుని నడవడానికీ ఉంచుకోండి. బ్యాగు కుట్లు సాగితే ఆ చిన్న పట్టీని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, రెండు భుజం పట్టీలనీ దగ్గరకి చేర్చి తువ్వాలుతో చుట్టేసి అక్కడ పట్టుకోండి, బరువు నాలుగు కుట్ల మీద పంచుకుంటుంది. తల వెనక ఎత్తేది ఈ బ్యాగే కాబట్టి, కొత్త కుట్లు వేయించేదాకా ఆ ఒక్కటి ఆపేసి దగ్గర చేతుల పుషప్స్ రెండో విడత చేసుకోండి.